మద్దెల నుంచి మైకు దాకా

ఆ కట్టె కాస్త లోపలికి ఎగదొయ్యిరా, సలెక్కువైంది. డేరా సినిమా ఊసు అడిగినారు కదా, సెప్తాను. దానికంటే ముందు భాగోతం ఊసు సెప్పాల.

తూర్పు భాగోతం అంటే రాత్రి కూడు తిని కూకుంటే కోడి కూసీదాకా. సత్తెబామ ఏసీవోడు మగోడే. ఆడు జడ ముందుకేసుకుని దరువెత్తుకుంటే మద్దెలాయన జవాబివ్వాల. ఈయన వాయించిన ముక్కకి ఆడు అడుగెయ్యాల. ఇద్దరికీ పంతమొస్తే కత అక్కడే ఆగిపోయీది. ఆగితే ఆగనీ, మాకు ఆ పోటీయే కావాల! తప్పెటగుళ్ళోళ్ళైతే గుండెల మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, వాయింపు ఆపకుండానే మనిషి మీద మనిషి ఎక్కి నిలబడీవోరు.

హరికత సంగతి మా నాయన సెప్పీవోడు. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు మైకు లేకుండానే అంత జనాన్నీ కూకోబెట్టీవోరంట. 1919లో ఇజీనారంలో సంగీత కాలేజీ పెట్టినప్పుడు ఆయన్నే పెద్దగా కూకోబెట్టినారు. కిష్ణా జిల్లా నుంచి వొచ్చిన ఘంటసాల, మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకుని, ఆ కాలేజీలోనే సదువుకున్నాడు. ఇది గురుతెట్టుకోండి.

ఇంక సినిమా ఊసుకొస్తాను. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏరుపడితే పర్లాకిమిడి అటెల్లిపోయింది, మన పాతపట్నం ఇటుండిపోయింది. గీత గీస్తే జనం ఆగుతారేటి? మన నీలమణి దుర్గమ్మ దగ్గరికి ఆళ్ళొచ్చీవోరు, సినిమాకి మనం ఎల్లీవోళ్ళం. 1900లో పర్లాకిమిడి రాజావోరు ఏయించిన నౌపడా సిన్న రైలు అందర్నీ మోసీది, తెలుగోళ్ళనీ ఒరియావోళ్ళనీ.

డేరాలో నేల టికెట్టంటే ఇసకే. ముందెల్లినోడు ఇసక పోగేసి దిబ్బ మీద కూకునీవోడు. ఎనకాలోడికి తెర కనబడక ఆడూ ఇంకో దిబ్బ పోగేసీవోడు. ఆఖరోడు నిలబడే సూసీవోడు! మిషను ఒక్కటే. రీలు అయిపోతే దీపాలెలిగీవి, ఎంటనే ఏరుసెనక్కాయల బుట్టలు తిరిగీవి. ‘మాయాబజార్’ 1957లో వొచ్చింది. ఎస్వీ రంగారావు తెర మీదకొస్తే డేరా గుడ్డ అదిరిపోయీది.

ఆట మొదలెట్టీ ముందు కర్రకి కట్టిన మైకులో ఘంటసాల పాడిన వెంకన్న పాట ఏసీవోరు. అది ఇనబడిందంటే టికెట్లిస్తన్నారనే. గడియారం ఎవలికుంది? పొలంలో ఉన్నోళ్ళు పాట ఇనీ కాళ్ళు కడుక్కునీవోరు, ఆడోళ్ళు పిల్లల్ని సంకనేసుకుని బయల్దేరీవోరు. మన ఇజీనారంలో, దాసుగారి కాలేజీలో నేర్సుకున్న గొంతు మా ఊళ్ళ జనాన్ని అలా పిలిసీదని తలుసుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తాది.

తరవాత టీవీలొచ్చినాయి, వీడియోలొచ్చినాయి, డేరాలు మడిసేసినారు. భాగోతం మాత్రం ఇంకా ఉంది. ఈపాలి ఎక్కడాడినా తీసుకెల్తాను. ముందు వరసలో కూకోవాల మరి, మద్దెలాయన సేతులు కనబడాల.