ఆల్విన్ కాగితాలు ఎవరి దగ్గర?

కార్ల కంపెనీలకు సొంత మ్యూజియాలు ఉండటం కొత్తేమీ కాదు. ఇటలీలోని టురిన్‌లో ఫియట్ 1963లోనే తన చరిత్ర కేంద్రాన్ని తెరిచింది. పాత బండ్లతో పాటు ఇంజనీరింగ్ డ్రాయింగులు, ఫొటోలు, ప్రకటనలు కూడా అక్కడ దాచారు. జపాన్‌లో నిస్సాన్ కూడా ఒకప్పటి జామా ప్లాంట్ ఆవరణలో తన పాత బండ్లను భద్రంగా ఉంచుకుంది. ఈ కంపెనీలు బతికున్నాయి, దాచుకునే స్తోమత ఉంది, దాచుకున్నాయి. మరి బతకని కంపెనీల సంగతి?

అదే నిస్సాన్ పేరుతో మన సంగారెడ్డి జిల్లాలోనూ బండ్లు తయారయ్యాయి. 1980లలో జహీరాబాద్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీని అప్పటివాళ్ళు ఇంకా గుర్తుపడతారు. అప్పటికి జహీరాబాద్ మెదక్ జిల్లాలో ఉండేది.

ఆల్విన్ కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1942లో, యుద్ధం నడుస్తుండగా, నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను పెట్టాయి. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, సీకో సహకారంతో చేతిగడియారాలు... ఒక తరం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆల్విన్ పేరు లేని ఇల్లు తక్కువేమో. చివరికి అది ముక్కలైంది. లారీల విభాగం మహీంద్రాకి, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి వెళ్ళాయి. జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు, మూడు చక్రాల బండ్లు తయారవుతున్నాయి.

ఎందుకిలా అయిందని అడిగితే రెడీమేడ్ జవాబు ఒకటుంది: "గవర్నమెంటు కంపెనీ కదా, అంతే." ఈ జవాబు నాకు సరిపోదు. ఎందుకంటే అదే కాలంలో జపాన్ పొత్తుతో చిన్న లారీలు చేయడానికి దిగినవి ఇంకా మూడున్నాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్డా. ఈ పొత్తులన్నిటికీ ఎదురైన చిక్కు ఒకటుంది. 1985 సెప్టెంబరులో డాలరుకు దాదాపు 240 యెన్లు వచ్చేవి. ప్లాజా ఒప్పందం తర్వాత, 1988 మొదటికల్లా అది 130 దిగువకు పడింది. జపాన్ నుంచి భాగాలు తెప్పించుకుని బండి బిగించేవాడికి ఖర్చు ఎంత పెరిగి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. దానికి తోడు 1986లో టెల్కో తన 407ను మార్కెట్లోకి దించింది.

మరి ఆల్విన్‌ను ముంచింది యెన్నా, 407నా, సచివాలయమా? ఏది ఎంత? ఇది అభిప్రాయాలతో తేలేది కాదు. ఏ సంవత్సరం ఎన్ని భాగాలు దిగుమతి అయ్యాయి, ఎన్ని ఇక్కడే తయారయ్యాయి, బోర్డు సమావేశాల్లో ఏం మాట్లాడుకున్నారు అన్న కాగితాలు చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక ప్రోగ్రామ్ మూలపడినా ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశారో చెప్పే చరిత్ర మిగిలి ఉంటే, ఎక్కడ చెడిందో తర్వాత వచ్చినవాడు పట్టుకోగలడు. అది లేకపోతే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. కంపెనీలకూ అంతే.

అందుకే మ్యూజియంలో మెరిసే బండికన్నా దాని వెనక గదిలోని ఫైళ్ళే నాకు ముఖ్యం. కానీ ముక్కలైన కంపెనీకి వారసులు ఎక్కువ, వారసత్వం మోసేవాళ్ళు తక్కువ. కొన్నవాళ్ళకి కావలసింది షెడ్లు, మెషిన్లు, లైసెన్సులు. పాత మినిట్స్ పుస్తకాలతో వాళ్ళకేం పని?

వెతకడం మొదలుపెట్టడానికి చోట్లు మాత్రం ఉన్నాయి. ట్రస్ట్ ఫండ్ నిజాం ప్రభుత్వానిది కాబట్టి, ఆనాటి ఉర్దూ, పర్షియన్ పత్రాలను భద్రపరిచిన తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఒకటి. రిటైరైన ఉద్యోగుల ఇళ్ళల్లోని ట్రంకు పెట్టెలు ఇంకొకటి. సర్వీస్ మాన్యువల్, గుర్తింపు కార్డు, యూనియన్ కరపత్రం, గ్రూప్ ఫొటో, ఏదైనా సరే. స్కాన్ చేయడానికి చేతిలో ఫోను చాలు. 1980లలో ఇరవై ఐదేళ్ళకు ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి.

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వెళ్ళే రోడ్డు మీద, పటాన్‌చెరు ఇంకా రాకముందే, మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా వస్తుంది. అక్కడ రోజూ బస్సు దిగేవాళ్ళల్లో ఆ పేరు ఒక కంపెనీదని ఎంతమందికి తెలుసు? పేరైతే చౌరస్తాకు మిగిలింది. కాగితాలు కూడా మిగలాలంటే ఆ పెట్టెలు ఇప్పుడే తెరవాలి.