మొయిరాంగ్ జెండా, మా తాత మెడల్

ఏప్రిల్ 14 అనగానే మనందరికీ అంబేద్కర్ గారి జయంతి గుర్తుకొస్తుంది. మణిపూర్‌లో డ్యూటీ చేసిన తెలుగు సోదరులకు మాత్రం ఇంకొకటి కూడా జ్ఞాపకం వస్తుంది. ఇంఫాల్‌కు దక్షిణాన 45 కిలోమీటర్ల దూరంలో, లోక్‌తక్ సరస్సు పక్కన మొయిరాంగ్ అనే చిన్న పట్టణం ఉంది. 1944లో అదే రోజున ఆజాద్ హింద్ ఫౌజు కర్నల్ షౌకత్ అలీ మాలిక్ అక్కడ మువ్వన్నెల జెండా ఎగరేశారు. నేతాజీ 1943 డిసెంబరు 30నే అండమాన్‌లో ఎగరేశారు కదా అని కొందరు వాదిస్తారు, అదీ నిజమే. ప్రధాన భూభాగం మీద ఎగిరిన మొదటి ఫౌజు జెండా మాత్రం మొయిరాంగ్‌దే. ఫౌజుకు సాయపడిన స్థానికుల్లో మైరెంబం కోయిరెంగ్ సింగ్ ఒకరు. 1963లో ఆయనే మణిపూర్ మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

అరవై ఏళ్ల ఉత్సవం జరిగిన 2004లో నేను హవల్దారుగా అక్కడే ఉన్నాను. తెల్లవారుజామునుంచి మాకు ఆర్.ఓ.పి. డ్యూటీ. ఆ రోజుల్లో ఆగస్టు 15 వచ్చిందంటే మిలిటెంట్ల బహిష్కరణ పిలుపుతో రోడ్లు ఖాళీగా ఉండేవి. ఏప్రిల్ 14న మాత్రం, నేను చూసినంతలో, జనం వచ్చారు. ఫనెక్‌లు కట్టుకున్న ఆడవాళ్లు, యూనిఫారం పిల్లలు, ముసలివాళ్లు. సింగపూర్‌లో నేతాజీ పెట్టించిన స్మారకాన్ని 1945లో బ్రిటిష్‌వాళ్లు కూల్చేశారు. దాని నమూనాయే మొయిరాంగ్‌లో ఉంది. దానిమీద ఇత్తెఫాక్, ఇత్మాద్, కుర్బానీ అని రాసి ఉంటుంది. అంటే ఐకమత్యం, నమ్మకం, త్యాగం. జెండా ఎగరగానే అందరితోపాటు నేనూ సెల్యూట్ చేశాను. చేశానే గాని మనసులో ఏదో ముల్లు.

కారణం మా తాత. గిద్దలూరు దగ్గర మా పల్లెనుంచి వెళ్లి సప్లై కోర్‌లో డ్రైవరుగా చేరాడు. 1944 మార్చి ఆఖర్లో జపాన్‌వాళ్లు కోహిమా రోడ్డు కోసేసినప్పుడు ఇంఫాల్‌లో ఇరుక్కుపోయాడు. జూన్ 22న రోడ్డు తెరుచుకునేదాకా విమానాలే దిక్కు, సగం రేషనే తిండి. ఆయనకు బర్మా స్టార్ ఇచ్చారు. అంటే ఇక్కడ జెండా ఎగిరిన రోజున మా తాత అటువైపు సైన్యంలో ఉన్నాడన్నమాట. అవతల మనవాళ్లే ఉన్నారని తెలుసా అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "గాయపడి వచ్చినోళ్లు చెప్పేవాళ్లురా, రాత్రిళ్లు మన భాషల్లో పిలుస్తున్నారని" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. మలయా రబ్బరు తోటలకు కూలికి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు ఎందరో ఫౌజులో చేరారని నాకు తర్వాత తెలిసింది.

సభ అయ్యాక ఒక మైతేయి పెద్దాయన హిందీలో పలకరించాడు. మీ ఇంట్లో ఎవరైనా ఆ యుద్ధంలో ఉన్నారా అని అడిగాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. చివరకు, "మా తాత ఇంఫాల్‌లో ఉన్నాడు, బ్రిటిష్‌వాళ్ల వైపు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అప్పుడు నాకు పదేళ్లు. మా గాదెలో ధాన్యం ఫౌజుకీ జపాన్‌వాళ్లకీ పోయింది. మీ తాత వైపు విమానాలు బాంబులు వేశాయి. మీరు ఎవరి వైపు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నాడు. నన్ను భోజనానికి పిలిచాడు. డ్యూటీ అంటే సింజు పొట్లం కట్టించి చేతిలో పెట్టాడు. మిరపకారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

తర్వాతి ఆదివారం ఇంఫాల్‌లో మన ఇండియన్ ఆర్మీ శ్మశానానికి వెళ్లాను. 800కు పైగా సమాధులున్నాయి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు విడిగా చెక్కారు. ఫౌజువాళ్లు వెనక్కి తిరిగేటప్పుడు ఆకలితో, మలేరియాతో దారి పొడుగునా పడిపోయారు. వాళ్లకు ఇలాంటి రాళ్లు లేవు. బతికి వచ్చినవాళ్లను 1947 తర్వాత కూడా సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. సమరయోధుల పెన్షన్ 1972లో గాని రాలేదు. ఒక జె.సి.ఓ.గా రిటైరైన నాకు ఈ సంగతి ఇప్పటికీ మింగుడు పడదు. అలాగని మా తాత మెడల్ చూసి సిగ్గూ పడను.

2024 సెప్టెంబరు 6న మొయిరాంగ్‌లో కోయిరెంగ్ సింగ్ గారి ఇంటి ఆవరణలోనే రాకెట్ పడి ఒక వృద్ధుడు చనిపోయారు. టీవీలో ఆ వార్త చూసి, ఆ పెద్దాయన సంగతి ఎవరినైనా కనుక్కుందామనుకున్నాను. ఆ రోజు సింజు తీసుకున్నాను గాని, ఆయన పేరు అడగలేదు.