కుట్లు తీయించుకుంటున్నారా? తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు.. ముందు గాయం చూడాలి!

ఆపరేషన్ నెల్లూరులో.. ఇల్లు అల్లూరులో. డిశ్చార్జి కాగితంలో 'పదో రోజు కుట్లు తీయాలి' అని రాసి పంపిస్తారు. ఆ ఒక్క పనికి మళ్లీ బస్సెక్కి నెల్లూరు దాకా ఏం పోతాంలే అని చాలామంది ఊళ్లోనే తీయించేసుకుంటారు. అందులో తప్పేం లేదు. డాక్టర్ రాసిచ్చిన కాగితం, శిక్షణ ఉన్న నర్సు, స్టెరిలైజ్ చేసిన పరికరాలు ఉంటే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనే పని అయిపోతుంది. తేడా వచ్చేది ఎక్కడంటే.. గాయం ఎలా ఉందో చూడకుండా, తేదీ వచ్చింది కదా అని కత్తెర పట్టినప్పుడే.

ఎన్ని రోజులకు తీస్తారు?

ముఖం మీద కుట్లు సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో తీసేస్తారు. ఆలస్యమైతే కుట్ల గీతలు మచ్చలుగా మిగిలిపోతాయి. తల మీద 7 నుంచి 10 రోజులు, పొట్ట మీద 7 నుంచి 14, కాళ్లు చేతుల మీద 10 నుంచి 14 రోజులు పడుతుంది. మోకాలి లాంటి కీళ్ల మీద చర్మం ఎప్పుడూ సాగుతూ ఉంటుంది కాబట్టి రెండు వారాల దాకా ఆగాల్సి రావొచ్చు. సిజేరియన్ అడ్డకోతకు పిన్నులు వేస్తే వారం లోపే తీయడం మామూలు. నిలువు కోతకు ఇంకొన్ని రోజులు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్ మందులు వాడేవాళ్లకు గాయం మెల్లగా మానుతుంది. వాళ్ల తేదీని డాక్టరే చెప్పాలి.

ఇంకో మాట. కొన్ని దారాలు వాటంతటవే కరిగిపోతాయి, తీయాల్సిన పనే లేదు. ఏ రకం దారం, ఎన్ని కుట్లు వేశారో డిశ్చార్జి రోజే కాగితంలో రాయించుకోండి.

నర్సు ఏం చేయాలి.. మీరేం గమనించాలి?

ముందు చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, కట్టు విప్పి గాయాన్ని బాగా చూడాలి. అంచులు అతుక్కున్నాయా? ఎరుపు, వాపు, వేడి, చీము ఏమైనా ఉన్నాయా? అనుమానం ఉంటే అక్కడే ఆపి డాక్టర్‌కు చూపించాలి. అన్నీ బాగుంటే సెలైన్‌తో శుభ్రం చేస్తారు. ఎండిన రక్తం దారానికి అంటుకుని ఉంటే తడి గాజ్‌తో నానబెట్టాలి. పీకితేనే నొప్పి!

ఇక అసలు కిటుకు. ముడిని ఫోర్సెప్స్‌తో కొద్దిగా పైకెత్తి, దాని కింద చర్మానికి ఆనుకుని ఒకవైపు మాత్రమే దారం కత్తిరించాలి. తర్వాత ముడి పట్టుకుని గాయం గీత వైపుకే లాగాలి. ఎందుకంటే ఇన్ని రోజులు బయట ఉన్న దారానికి క్రిములు అంటి ఉంటాయి. ఆ ముక్క చర్మం లోపలి నుంచి వెళ్లకూడదు. రెండువైపులా కత్తిరిస్తే దారం లోపలే ఉండిపోయే ప్రమాదం ఉంది.

అన్నీ వరసగా తీసుకుంటూ పోకూడదు. ముందు ఒకటి విడిచి ఒకటి తీసి, అంచులు నిలబడ్డాయో లేదో చూసి మిగతావి తీయాలి. గాయం కాస్త నోరు తెరిచినా మిగిలిన కుట్లు అలాగే ఉంచి డాక్టర్‌కు కబురు చేయాలి. చివర్లో తీసిన కుట్లు లెక్కపెట్టి కాగితంలో ఉన్న లెక్కతో సరిచూడటం తప్పనిసరి.

పిన్నులకైతే స్టేపుల్ రిమూవర్ ఉండాల్సిందే. దాని కింది దవడను పిన్ను కిందకు పోనిచ్చి పిడిని పూర్తిగా నొక్కితే పిన్ను మధ్యలో వంగి, రెండు కొనలూ బయటికొస్తాయి. సగం నొక్కి పైకి లాగితే చర్మం చిరుగుతుంది. షేవింగ్ బ్లేడు, ఇంట్లో కత్తెర అసలే వద్దు. ఈ పరికరం అన్నిచోట్లా ఉండదు, వెళ్లేముందే ఫోన్ చేసి అడగండి.

కుట్లు తీశాక..

కుట్లు పోయాయి కదా, గాయం మానిపోయిందనుకుంటారు. కానీ రెండు వారాలకు ఆ చోట మామూలు చర్మానికి ఉండే బలంలో పదో వంతు ఉంటే గొప్ప. 3 వారాలకు ఐదో వంతు. మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది, అంతకు మించి రాదు. అందుకే కుట్లు తీశాక గాయానికి అడ్డంగా సన్నటి టేపు ముక్కలు అంటిస్తారు. అవి వాటంతటవే ఊడాలి, మీరు పీకొద్దు. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ సరే అనేదాకా నీళ్ల బిందె, గ్యాస్ బండ, మేత బస్తా ముట్టుకోకూడదు.

అల్లూరు వైపు పనంతా నీళ్లతోనే.. వరి మడి, రొయ్యల గుంట, ఇస్కపల్లి వైపు ఉప్పు మళ్లు, సముద్రం. గాయం పూర్తిగా మూసుకునేదాకా ఆ నీళ్లలోకి దిగొద్దు. ఉప్పునీళ్లలో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా పచ్చిగాయం లోంచి ఒంట్లోకి చేరితే, ముఖ్యంగా లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రాణం మీదకు రావొచ్చు. గాయం మీద పసుపు, కాఫీ పొడి చల్లడమూ మానండి. ఇక 'పప్పు తింటే చీము పడుతుంది' అనే పథ్యం ఉందే.. అది నిజం కాదు. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి. డాక్టర్ వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, చేపల పులుసు అన్నీ తినొచ్చు.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పాకుతున్న ఎరుపు, దుర్వాసన ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పొట్ట గాయం నుంచి గులాబీ రంగు నీరు ఒక్కసారిగా కారితే లోపలి కుట్లు విడిపోతున్నాయని అనుమానించాలి. పేగు బయటకు కనిపిస్తే లోపలికి నెట్టొద్దు. సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గాజ్, అది లేకపోతే శుభ్రమైన తడిగుడ్డ కప్పి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టండి. మంచినీళ్లు కూడా తాగించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.