మోకాటి కీలు మార్పిడి: దాని పూర్వకథ



మా నూజివీడు సీమలో రసాల కోత ముగిసి, వర్తకులతో లెక్కలు తేలిన పిదప, కొన్నేండ్లుగా ఇండ్లలో ఒక క్రొత్త ప్రశ్న వినబడుచున్నది. తోట చుట్టును తిరుగలేని పెద్దవారికి మోకాటి కీలు మార్పించుటయా, మానుటయా? కుమారులు చేయింపుడందురు. ఇరుగుపొరుగువారు ఈ వయస్సున కోతలేల యందురు. ఇరుపక్షములవారును ఆ చికిత్స యెట్లు పుట్టినదో యెఱుగక పలుకువారే. దాని చరిత్ర తెలిసినయెడల చిక్కు కొంత విడునని నా తలంపు.

మోకాటి బాధ క్రొత్తది కాదు. సుశ్రుతుడు జానువును మర్మములలో చేర్చి, అచట దెబ్బ తగిలినచో కుంటితనము కలుగునని చెప్పెను. వాచిన మోకాలు నక్కతలవలె నుండుటచే క్రోష్టుకశీర్షమను రోగనామ మేర్పడినది. ఆ వాపు కన్నులార చూచినవానికే అట్టి పేరు తోచును. కీళ్లయందలి వాతమునకు మన వైద్యులు తైలమును, స్వేదమును, కట్టును విధించిరి. ఋగ్వేదమున అశ్వినీదేవతలు విశ్పలకు లోహపుకాలు అమర్చినట్లున్నది. దానిని చూపి ఈ శస్త్రవిద్య యంతయు మనదేయని ఉపన్యసించువారు కలరు. నేనును వేదపాఠము విన్నవాడనే. అది దేవతాస్తుతి గాని చికిత్సావిధి కాదు.

చెడిన మోకాటి కీలు తీసి కృత్రిమమైన దానిని పెట్టు యత్నము 1890లో బెర్లిను నగరమున జరిగెను. థెమిస్టోక్లిస్ గ్లుక్ అను శస్త్రవైద్యుడు ఏనుగుదంతముతో బందు చేయించి, క్షయవ్యాధిచే చెడిన మోకాటియందు అమర్చెను. మొదట ఫలితము బాగుగనే తోచెను. పిదప లోపలి క్షయ విజృంభించి ఆ పని యంతయు చెడెను. రోగక్రిమి యున్నచోట పరకీయ వస్తువు నిలువదని గ్లుక్కే గ్రహించెను. నూటముప్పది యేండ్లు గడచినను ఈ పాఠము మాఱలేదు. నేడు వైద్యుడు మోకాటిపై కత్తి పెట్టుటకు ముందు పుచ్చుపండ్లను, మూత్రమును, పాదముల పుండ్లను, మధుమేహమును పరీక్షించుట ఇందులకే. పంటినొప్పికిని మోకాటికిని సంబంధమేమని విసుగుకొనువారు గ్లుక్ రోగులను తలచుకొనవలెను.

1950 తరువాత బందుకీళ్లు మఱల వచ్చినవి. తలుపుబందు ఒక్క తీరుననే తిరుగును. మోకాలు అట్లు కాదు. మడుచునపుడది దొర్లును, జాఱును, కొంచెము మెలిదిరుగును. ఆ మెలికకు ఓర్వలేక బందు ఎముకలో వదులై కదలజొచ్చెను. దారి దొరకినది తుంటికీలు వైద్యమున. ఇంగ్లండున రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ, దంతవైద్యులు వాడు సిమెంటుతో కీలును ఎముకకు బిగించెను. లోహపు గుండునకు ఎదురుగా మొదట టెఫ్లాను పెట్టగా అది కొలది యేండ్లలోనే అరిగిపోయి, వందలమందికి తిరిగి శస్త్రము చేయవలసివచ్చెను. నేతమగ్గముల పండ్లచక్రములకు వాడు గట్టి ప్లాస్టిక్కు ఆయన చేతికి వచ్చినది ఆ కష్టము నడుమనే. 1962 నుండి దానినే వాడెను. మగ్గపు చక్రము మనుష్యుని కీలున చేరుట నాకు మిక్కిలి వింతగా తోచును.

అదే ఆసుపత్రిలో కెనడా వాడగు ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో బందులేని మోకాటి కీలు అమర్చెను. 1974లో న్యూయార్కున ఇన్సాల్, రణావత్, వాకర్ అనువారు నేటి కీళ్లకు మూలమైన రూపము సిద్ధపరచిరి. తొడయెముక కొనకు లోహపు తొడుగు, క్రింది యెముకపై పళ్లెరము, నడుమ ప్లాస్టిక్కు. మోకాలంతయు పెఱికివేయుదురను భయము వలదు. అరిగిన పైభాగమును పలుచగా చెక్కుదురు. మా తోటవారు దీనిని అంటు కట్టుటతో పోల్చుదురు. పోలిక సగమే సరి. అంటుకొమ్మ చెట్టుతో కలిసి పెరుగును. లోహము పెరుగదు, ప్లాస్టిక్కు అరుగును.

ఆ రణావత్ మధ్యప్రదేశమున జన్మించినవాడు. 2000 అక్టోబరులో ప్రధానమంత్రి వాజపేయిగారి ఎడమ మోకాటికి ముంబయి బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో శస్త్రము చేసినది ఆయనయే. కుడిమోకాటికి 2001 జూనులో చేసిరి. మొదటిసారికి వాజపేయిగారి వయస్సు 75. పల్లెలందు ఈ చికిత్స పేరు వినబడుటకు ఆ వార్తయే మూలమని నా నమ్మకము. వెల మాట వేఱు. 2017 ఆగస్టున కేంద్రప్రభుత్వము, అంతవఱకు లక్షన్నరకు పైగా అమ్ముచుండిన సామాన్యపు కీలుకు పన్నుగాక 54,720 రూపాయలు గరిష్ఠధరగా నిర్ణయించెను. అది కీలు వెలయే, ఆసుపత్రి ఖర్చు అందులో లేదు.

నేనును ఈ ప్రశ్న యెదుట నిలిచినవాడనే. నా కుడిమోకాట ఎముకకు ఎముక తగులుచున్నట్లు ఎక్సరేలో కనబడినది. ఎక్సరే చూచి మాత్రము నిశ్చయింపలేదు. ఆఱునెలలు తొడకండలకు వ్యాయామము చేసితిని, చేతికఱ్ఱను ఎడమచేత పట్టితిని, బరువు తగ్గించితిని. ఒక కిలో తగ్గినచో అడుగడుగునకును మోకాటిపై నాలుగు కిలోల భారము తగ్గును. వీనితో కుదుటపడినవారికి శస్త్రము వలదు. నాకు రాత్రినొప్పి పోలేదు, దేవాలయమువఱకు నడక సాగలేదు.

ఈ వయస్సున ఏలయను మాటకు ఆ అరుగుదలయే బదులు. 2019లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశీలన ప్రకారము నూటికి 82 కీళ్లు ఇరువదియైదేండ్లు నిలుచును. నలువదియేండ్లవానికి రెండవమాఱు కోత తప్పకపోవచ్చును, అరువది దాటినవానికి మొదటిదే చాలవచ్చును. గుండె బలము తప్పి, తొడకండ క్షీణించువఱకు వేచియుండుటయు తగదు. ఇంతచేసినను ఐదుగురిలో ఒకరు పూర్ణతృప్తి నొందరనియు తెలిసియుండవలెను.

నన్ను ఎక్కువగా బాధించినది వేఱొకటి. క్రొత్త కీలుతో బాసింపట్టు వేయుట, గొంతుకూర్చుండుట సామాన్యముగా వైద్యులు ఒప్పరు. పీటపై సంధ్య వార్చుట పోవునేయని వగచితిని. మా గృహిణి విని, "నేలపై కూర్చుండలేక మీకు రెండేండ్లాయె గదా, క్రొత్తగా పోవునదేమి?" అనెను. నాకు బదులు తోచలేదు.

కోతకాలమున ఇంట ఎవరికిని తీరిక యుండదు. శస్త్రము పిమ్మట వారములకొలది వ్యాయామము చేయించువారు దగ్గఱ నుండవలెను. కావున ఆషాఢమునకు నిశ్చయించితిని. ఇప్పటికి కుడిమోకాలు ఒకటే. ఎడమదాని సంగతి ఏడాది నడచిచూచిన మీదట.