టైటానియమునకు కవచమేది?

ఉప్పునీటిలో ఇనుప గొట్టము త్రుప్పు పట్టును. త్రుప్పు రాలిన కొలదియు లోని ఇనుము తినబడును. టైటానియము నడత వేరు. గాలి తగిలిన వెంటనే దానిపై పలుచని ఆక్సైడు పొర యేర్పడి గట్టిగా అంటుకొనును. గీత పడినను మరల పూడుకొనును.

ఈ మూలకమును 1791లో ఇంగ్లండున గ్రెగర్ కనుగొనెను. 1795లో క్లాప్రోత్ పేరు పెట్టెను. ఆక్సిజనుతో దానికి గల గాఢమైన చెలిమి అడ్డమైనందున, శుద్ధలోహము 1910లో గాని హంటరునకు చిక్కలేదు. టైటానియము క్లోరైడు నుండి మెగ్నీషియముతో లోహమును రాబట్టు పద్ధతికి 1940లో క్రోల్ అమెరికాలో పేటెంటు పొందెను. ఈ పద్ధతిని హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల స్వయముగా అభివృద్ధి చేయగా, 2011లో కేరళలోని చవరయందు కర్మాగారము వెలసెను.

రసాయన కర్మాగారములలో వేడి ఉప్పునీరు పారుటకు ఈ లోహపు గొట్టములు వాడుదురు. రెండు గొట్టముల కొనలను బోల్టులతో బిగించు వెడల్పు అంచులే ఫ్లాంజిలు. వాని నడుమ, గాస్కెట్టు క్రింది సన్నని సందులో, ఉప్పునీరు కదలక నిలుచును. అచట ఆక్సిజను తరిగి, ఆమ్లత పెరిగి, పొర చెడును. కొలదిపాటి పెల్లేడియము కలిపిన టైటానియము ఆమ్లములకు మిక్కిలి ఓర్చునని 1959లో స్టెర్న్, విస్సెన్‌బర్గ్ అనువారు చూపిరి. వేయి పాళ్లకు రెండున్నర పాళ్లు మించని ఆ మిశ్రణమే సందులోని పొరను కాపాడును.

అయినను ప్రతి చోటను ఈ లోహము పనికిరాదు. తడి క్లోరినునకు చెక్కుచెదరని టైటానియము పొడి క్లోరినులో అంటుకొని మండగలదు. పొర పూడుటకు కొంత తేమ కావలెను. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము పొరనే కరిగించివేయును. కావున ఫ్లాంజిని ఎన్నుకొనువాడు లోహము ఖరీదును గాక, గొట్టములో పారు ద్రవమును ముందుగా విచారింపవలెను.