‘కరంజ్’ తొలి నాయకుడు సామంత్: జలాంతర్గామి నుంచి నదీముఖాలకు

విశాఖ నౌకాచరిత్ర రచనలో నావలకు దక్కిన స్థానం వాటిని నడిపినవారికి దక్కలేదు. 2002 నుంచి సాగరతీరాన ప్రదర్శనశాలగా నిలిచిన ‘కుర్సురా’ను ఎరుగని తెలుగువాడు అరుదు. 1971 డిసెంబర్ 3-4 రాత్రి విశాఖ ముంగిట మునిగిన పాకిస్తానీ జలాంతర్గామి ‘గాజీ’ గురించిన వాదం నేటికీ తెమలలేదు. కాని ‘కుర్సురా’కు సహోదరియైన ‘కరంజ్’కు తొలి నాయకుడు, కమాండర్ మోహన్ నారాయణరావ్ సామంత్, ఆ రాత్రి విశాఖలోనూ లేడు, తన నావలోనూ లేడు. ఈ గైర్హాజరీకి కారణమే ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టం.

భారత జలాంతర్గామి దళం రష్యన్ నావలతో పుట్టింది. సోవియట్ యూనియన్‌తో 1965లో కుదిరిన ఒప్పందం మేరకు నాలుగు నావలు వచ్చాయి. మొదటిది ‘కల్వరి’. దానిని 1967 డిసెంబర్ 8న రీగా రేవులో దళంలో చేర్చుకున్నారు. ‘కరంజ్’ వంతు 1969 సెప్టెంబర్ 4న వచ్చింది. వ్లాడివొస్తోక్‌లో శిక్షణ పొందిన భారతీయ నావికులు యంత్రాలతోపాటు రష్యన్ భాషనూ నేర్వవలసి వచ్చింది. 1967 యుద్ధంతో సూయెజ్ కాలువ మూతపడటంవల్ల ఈ నావలు ఆఫ్రికాను చుట్టి హిందూ మహాసముద్రం చేరాయి. విశాఖలో వాటి స్థావరం ‘వీరబాహు’ 1971 మే 19న ఏర్పడింది.

రష్యాకు ఈ విద్య తేలికగా పట్టుబడలేదు. ఆ దేశపు తొలి యుద్ధ జలాంతర్గామి ‘దెల్ఫిన్’కు మిహయీల్ బెక్లెమిషెవ్ నాయకుడు. 1904లో ఆయన లేని సమయాన నేవా నదిలో జరిగిన శిక్షణలో అది మునిగి, తాత్కాలిక నాయకుడు చెర్కాసొవ్‌తో కలిపి 25 మంది మరణించారు. బయట శత్రువు లేడు. రేవు పక్కనే ఉంది. జలాంతర్గామి నాయకత్వంలోని కాఠిన్యాన్ని ఏ యుద్ధకథకన్నా ఈ దుర్ఘటనే బాగా తెలుపుతుంది.

‘కరంజ్’ 91 మీటర్ల పొడవున్న నావ. అందులో 75 మంది దాకా నివసించాలి. మూడు డీజిల్ యంత్రాలు, మూడు విద్యుత్ మోటార్లు, 448 బ్యాటరీ ఘటాలు, పది టార్పెడో గొట్టాలు, 22 టార్పెడోలు ఉండగా మిగిలిన చోటే మనుషులది. నీటి అడుగున నడిపేది బ్యాటరీ. అది తరిగితే డీజిల్ యంత్రాలకు గాలి అవసరం, గాలికోసం పైకి రాక తప్పదు. పైకి వచ్చినప్పుడే శత్రువుకు చిక్కే ప్రమాదం. ఎప్పుడు దాగాలి, ఎప్పుడు ఊపిరి పీల్చాలి అన్న లెక్క ఒక్క నాయకుడిదే. తెలుగులో స్థిరపడిన ‘జలాంతర్గామి’ అన్న సమాసం ఈ స్థితికి చక్కగా సరిపోతుంది. అది నీటిలో ‘వెళ్ళేది’ మాత్రమే, ‘ఉండేది’ కాదు.

1971 వసంతంలో ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవునుంచి పాకిస్తానీ జలాంతర్గామి ‘మంగ్రో’ను విడిచిన బెంగాలీ నావికులలో ఎనిమిది మంది భారతదేశం చేరుకున్నారు. నౌకాదళ గూఢచర్య విభాగాధిపతి మిహిర్ రాయ్ పర్యవేక్షణలో మొదలైన రహస్య కార్యక్రమానికి వారే బీజం. దాని నిర్వహణకు సామంత్‌ను జలాంతర్గామి దళంనుంచి పిలిపించారు. భాగీరథి ఒడ్డున ప్లాసీ వద్ద బెంగాలీ యువకులకు ఈత, నౌకల అడుగుభాగానికి మందుపాతరలు అంటించడం నేర్పారు. ఆగస్టు 14-15 రాత్రి చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవులలో ఒకేసారి దాడి జరిగింది. ఆకాశవాణిలో వినిపించిన పాటలే వారికి సంకేతం.

గోదావరి పాయలలో పోటుపాటులు ఎరిగిన కోనసీమ పాఠకునికి ఈ దాడిలోని కష్టం వివరించనక్కరలేదు. డెల్టాలో ఈతగానికి బలంకన్నా నీరు ఏ వేళ ఎటు మళ్ళుతుందన్న ఎరుక ముఖ్యం. సముద్రగర్భంలో లెక్కలు వేసిన సామంత్ ఇక్కడ ఒండ్రునీటి లెక్కలు వేశాడు. రెండింటిలోనూ ఆయుధం కనబడకపోవడమే.

డిసెంబర్‌లో మాత్రం ఆయన బహిరంగంగా కనబడవలసి వచ్చింది. ‘పద్మ’, ‘పలాష్’ అనే మార్చిన పడవలు, నౌకాదళపు ‘పన్వేల్’, సరిహద్దు భద్రతా దళపు మరొక పడవతో కూడిన దండు ఆయన నాయకత్వంలో మోంగ్లా మీదుగా ఖుల్నా చేరింది. మనవారు గుర్తించేందుకు పడవల పైభాగాన పసుపు రంగు వేశారు. అయినా డిసెంబర్ 10న భారత వాయుసేన విమానాలు శత్రువులని పొరబడి ‘పద్మ’, ‘పలాష్’లను ముంచాయి. ‘పలాష్’ యంత్రశాలలోని రుహుల్ అమీన్ మరణించాడు. బంగ్లాదేశ్ ఆయనను బీర్ శ్రేష్ఠగా గౌరవించింది. సామంత్‌కు మహావీర చక్రం లభించింది. పతకాన్ని ప్రస్తావించి పొరపాటును దాటవేసే చరిత్ర అసంపూర్ణం. ఆ దండు సాహసమూ దాని నష్టమూ ఒకే మధ్యాహ్నానివి.

అదే యుద్ధంలో ‘కరంజ్’ను అరేబియా సముద్రంలో నడిపినవాడు వి.ఎస్. షెఖావత్. ఆయనకు వీరచక్రం దక్కింది, తరవాత నౌకాదళాధిపతి అయ్యాడు. సామంత్ పని రహస్యం గనుక దశాబ్దాలపాటు బయటి లోకానికి అందలేదు. సందీప్ ఉన్నితన్‌తో కలిసి ఆయన రచించిన ‘ఆపరేషన్ ఎక్స్’ 2019లో వెలువడింది. అదే ఏడాది మార్చి 20న సామంత్ కన్నుమూశాడు. ‘కరంజ్’ 2003లోనే విశ్రాంతి పొందింది. 2021 మార్చి 10న ముంబయిలో అదే పేరుతో కొత్త జలాంతర్గామిని దళంలో చేర్చినప్పుడు ముఖ్య అతిథిగా వచ్చినవాడు, 1969లో పాత ‘కరంజ్’ సిబ్బందిలో ఒకడైన షెఖావత్.