హిందీలో వ్యాసశిక్షణ

హిందీలో వ్యాసాన్ని 'నిబంధ్' అంటారు. సంస్కృతంలో ఆ మాట ధర్మశాస్త్ర సంగ్రహాలకు పేరు. పూర్వపు నిబంధకర్త ప్రమాణవచనాలను కూర్చేవాడు. ఆధునిక వ్యాసకర్త అంతటితో ఆగిపోరాదు. విషయం తెలుపవలె, పాఠకుని ఒప్పించవలె. గత శతాబ్దారంభంలో ఈ రెండు విద్యలూ హిందీలో అలవడవలసి ఉండినవి. ఆంగ్లం చదివిన యువకుడు ఆ భాషలో వాదించగలిగినా, అదే సంగతి తన ఊరివారికి సొంతభాషలో నచ్చజెప్పవలసినప్పుడు తడబడేవాడు. ఈ కొరత తీర్చే భారం బడికంటె ముందు పత్రికలే వహించినవి.

1877లో ప్రయాగనుండి బాలకృష్ణ భట్టు సంపాదకత్వాన 'హిందీ ప్రదీప్' వెలువడ నారంభించినది. కన్నీరు, సంభాషణ వంటి సామాన్య విషయాలమీద కూడా వ్యాసం వ్రాయవచ్చునని ఆయన చూపినారు. 1903లో మహావీరప్రసాద్ ద్వివేది 'సరస్వతి' మాసపత్రిక సంపాదకత్వం స్వీకరించినారు. అప్పటికే ఆయన బేకన్ వ్యాసాలను హిందీలోనికి తెచ్చి ఉన్నారు. రచయితలు పంపిన వ్రాతప్రతులే ఆయన పాఠశాల. వర్ణక్రమం, లింగవచనాలు, విభక్తులు దిద్దేవారు. అన్వయం కుదరని వాక్యాన్ని తిరిగి వ్రాసేవారు. చరిత్రయైనా విజ్ఞానమైనా సామాన్య పాఠకునికి విశదం కావలెనన్నదే ఆయన పట్టుదల. 1908లో 'సంపత్తిశాస్త్ర్' వ్రాసి, అర్థశాస్త్రాన్ని సైతం హిందీలో చెప్పవచ్చునని స్వయంగా నిరూపించినారు.

ఒప్పించే విద్యలో ఆరితేరినవారు కలకత్తా 'భారతమిత్ర' సంపాదకులు బాలముకుంద గుప్త. భంగుప్రియుడైన శివశంభు శర్మ అనే కల్పితవ్యక్తి పేర ఆయన లార్డు కర్జనుకు బహిరంగలేఖలు వ్రాసినారు. రాజప్రతినిధితో నేరుగా వాదించుట కష్టమైన కాలంలో పరిహాసమే వాదానికి వాహనమైనది. 1905లో ద్వివేది భాషా వ్యాకరణాలపై ప్రకటించిన వ్యాసంలో 'అనస్థిరత' అనే పదం వాడగా, గుప్త ఆ ప్రయోగాన్ని ఆక్షేపించి వరుసగా విమర్శలు వ్రాసినారు. సమాధానాలు వచ్చినవి, ఇతరులూ రంగంలోనికి దిగినారు. అందరినీ దిద్దే గురువు కూడా తన మాటకు ఉపపత్తి చూపవలసినదేనని పాఠకలోకం గ్రహించినది. వ్యాసవిద్యలో ఇంతకంటె మంచి పాఠం అరుదు.

ఈ రెండు పాయలూ రామచంద్ర శుక్ల రచనలో కలిసినవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో హిందీ బోధించిన ఆయన వ్యాససంపుటి 'చింతామణి' 1939లో వెలువడినది. ఉత్సాహం, క్రోధం, శ్రద్ధ, భక్తి వంటి మనోభావాలు అందులోని విషయాలు. మొదట భావానికి నిర్వచనం చెప్పి, దానితో పోలికగల భావాన్ని వేరుపరచి, లోకానుభవంనుండి ఉదాహరణ చూపి, ఆ తరువాతనే తన తీర్పు ప్రకటించుట ఆయన పద్ధతి. పాఠకుడు ముందు తెలుసుకొంటాడు, ఆపైన ఒప్పుకొంటాడు.

తరగతిలో వివరణాత్మకం, వాదాత్మకం అని వ్యాసాలను విభజించుట బోధనకు సౌకర్యమే. కాని తెలుపని వాదం ఉత్త గర్జనగా మిగులుతుంది. ఏ అభిప్రాయానికీ కట్టుబడని వివరణ జాబితాగా మిగులుతుంది. పరీక్షకోసం ఆదర్శవ్యాసాలు కంఠస్థం చేసే విద్యార్థికి ఈ రెండూ దక్కవు. అతడు అప్పగించే వాక్యాలలో తప్పులు ఉండకపోవచ్చును. అతడు నమ్మిన మాట మాత్రం ఒక్కటీ ఉండదు. ద్వివేది కలం విద్యార్థి వాక్యాన్ని దిద్దగలదు. అయితే దిద్దించుకొనుటకు ముందుగా ఆ వాక్యం విద్యార్థి సొంతమై ఉండవలె.